మండని చెయ్యి

మా జీడి ఫ్యాక్టరీలో చెయ్యి మండని మనిషికి గౌరవం ఎక్కువ. పలాస చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఉడికించిన జీడిపిక్కను కోత మిషన్ నోట్లో పెట్టి, కాలితో పెడల్ తొక్కితే పెంకు రెండు ముక్కలవుతుంది. పప్పుతో పాటు పెంకులోని నూనె కూడా బయటికొస్తుంది. నల్లగా, జిగటగా ఉండే ఆ నూనె ఒంటి మీద పడితే చర్మం మండి, బొబ్బలెక్కి, తోలు ఊడిపోతుంది. అందుకే కోతకు కూర్చునే ముందు చేతులకు బూడిదో ఆముదమో దట్టంగా రాసుకుంటాం. అయినా పడేచోట పడుతూనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో ఏడుస్తారు. పాతవాళ్ళు నవ్వుతారు. "సెయ్యి పండాల" అంటారు. పండిన చెయ్యి అంటే మంటను లెక్కచేయని చెయ్యి.

నా కుడిచెయ్యి పండిందని కిందటేడాది పిక్కల కాలంలో అందరి ముందూ ప్రకటించింది పారమ్మప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు. ఏళ్ళ తరబడి నా పక్క మిషన్ మీద కూర్చున్న మనిషి. నా టిఫిను డబ్బాలో ఏముందో నాకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

"సూడండే బారతి సెయ్యి! నూనె పడినా ఉలకదు, పలకదు. అదీ కోతపని సేసే సెయ్యంటే!" అంది.

నేను లోపల్లోపల పొంగిపోయాను. ఇంటర్ దాకా చదివి పిక్కలు కోస్తోందని మా పుట్టింటివాళ్ళు ఎప్పుడూ మూతి విరిచేవాళ్ళే. ఈ పనిలోనైనా ఒకరి చేత మెప్పు పొందానని సంతోషం.

అప్పటికే ముంజేతి బయటివైపు, మణికట్టుకు కొంచెం పైన ఒక మచ్చ ఉంది. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి, అంచుల్లో రాగి రంగు తిరిగి ఉండేది. దురద లేదు, నొప్పి లేదు. మా బల్ల దగ్గర మచ్చలేని చెయ్యి ఎవరిది గనక? ఎవరైనా అడిగితే "జీడి పడింది" అంటాం. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ అడగరు. ఒక్క సంగతి మాత్రం నేనే గమనించాను. మా రేకుల షెడ్డులో ఎండాకాలం ఒళ్ళంతా చెమటే. పప్పు మీద పొట్టు ఎగిరొచ్చి చేతులకు అంటుకుపోతుంది. ఆ మచ్చ మీద మాత్రం చెమటా పట్టేది కాదు, పొట్టూ అంటేది కాదు. బాగుందే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నాకే దండం పెట్టాలనిపిస్తుంది.

జూన్

తొలకరి ఇంకా పడలేదు. వంటింట్లో గంజి వారుస్తున్నాను. వసారాలో కూర్చున్న మా అత్త కేకేసింది.

"ఓలమ్మా, ఏటే ఆ కమురు వాసన? ఏటి మాడబెట్టినావు?"

పొయ్యి వైపు చూశాను. ఏమీ మాడటం లేదు. గుడ్డ అంటుకుందేమోనని చీర కుచ్చిళ్ళు చూసుకున్నాను. అదీ కాదు. అప్పుడు చేతి వైపు చూశాను. గిన్నె పట్టుకున్న మసిగుడ్డ జారిపోయి, నా చిటికెన వేలు గిన్నె అంచుకు ఆనుకుని ఉంది. వేలి చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది. ఆ వాసన నాదే. నేను గిన్నె దించి, వేలిని తిప్పి తిప్పి చూశాను. అది ఎవరిదో వేలన్నట్టు చూశాను. కెవ్వుమనాలని తెలుసు. కానీ కేక రావడానికి నొప్పంటూ ఉండాలి కదా.

అత్త వచ్చి చూసి, గడప మీదే కూలబడింది.

"సచ్చిపోనాం. కిడ్నీయే. మీ మావకి కూడా ముందు కాళ్ళు ఇలగే మొద్దుబారినాయి."

మా మామ డయాలసిస్ మీద ఉండి పోయాడు. ఉద్దానంలో మా ఇల్లు ఒక్కటే కాదు, ఏ వీధిలోకి వెళ్ళినా ఈ కథ వినబడుతుంది. మా ఊళ్ళో తలనొప్పి వచ్చినా, కాలు వాచినా, ఆకలి మందగించినా అనుమానం ఒకటే, పరీక్ష ఒకటే, రక్తంలో క్రియాటిన్. ఇతర ఊళ్ళవాళ్ళు ఎదురుపడితే భోంచేశారా అని అడుగుతారు. మావాళ్ళు "క్రియాటిన్ ఎంత?" అని అడుగుతారు.

మా ఆయన సింహాచలం మూలపేట పోర్టు పనుల్లో టిప్పర్ తోలుతాడు. నాకు మేనబావ. సెలవు పెట్టుకుని వచ్చి పలాస తీసుకెళ్ళాడు. రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నాం. బావ టీ తెచ్చాడు, తాగడం మరిచిపోయాడు. కాగితం చేతికొచ్చాక అక్కడి కుర్రాడు చూసి, అంతా బాగుందన్నాడు.

ఆ రోజు మా ఇంట్లో పండగే. బావ పెద్ద చందువా చేప తెచ్చాడు. అత్త వీధి వీధంతా తిరిగి "మా కోడలికి కిడ్నీ కాదు" అని చెప్పుకొచ్చింది. చెప్పిన ప్రతి ఇంట్లోనూ నాకు దీవెనలే. వేలికి ఏమైందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. కిడ్నీ కాదని తేలాక ఇంకేం రోగం ఉంటుంది? మందుల షాపులో అడిగితే ట్యూబు ఇచ్చారు. కాలిన వేలికి రాసి, మిగిలింది మచ్చకి కూడా రాశాను. మచ్చ కొంచెం తగ్గినట్టే తగ్గి, మునుపటికంటే పెద్దదై కూర్చుంది.

ఇది చదివే ఉద్దానంవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ కాగితం బాగుంటే ఒక గండం గడిచినట్టు, అంతే. మనకి మిగతా ఒళ్ళు కూడా ఉంది.

ఆగస్టు

ఆశా కార్యకర్త ఉమ మా వీధి పిల్లే. చర్మం మీద మచ్చలు ఎవరికైనా ఉన్నాయేమో చూడటానికి ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది. అత్త గుమ్మంలోనే ఆపింది.

"మాం సూపించీసుకున్నాం. క్రియాటిన్ బాగుంది. ఎల్లమ్మా."

"అది కాదు పెద్దమ్మా. మచ్చలు సూత్తన్నాం. మొద్దుబారిన మచ్చలుంటే సెప్పండి."

నేను అప్పుడు కొబ్బరి పీచు ఎండబెడుతున్నాను. చెయ్యి చాపి చూపించాను. జీడి పడిందని కూడా చెప్పాను. ఉమ దాన్ని వేలితో రాసి, నా ముఖం చూసి, మర్నాడు ఊరి ఆరోగ్య కేంద్రానికి రమ్మంది.

అక్కడ సిస్టర్ ముందు ఒక పెద్ద ఫోన్ లాంటి ట్యాబు. దాంట్లో ఒక డాక్టరమ్మ కనిపించింది. టెక్కలిలో కూర్చుని ఊరూరి చర్మాలు చూస్తుందట. సిస్టర్ నా మచ్చను ఫోటో తీసి పంపింది. డాక్టరమ్మ చూసి, ఏదో అడిగి, "ఆవిణ్ణి కళ్ళు మూసుకోమనండి. తాకిన చోటల్లా వేలితో చూపించమనండి" అంది తెరలోంచి.

కళ్ళు మూసుకున్నాను. భుజం మీద తగిలింది, చూపించాను. ఎడమచేతి మీద, మోకాలి మీద తగిలింది, చూపించాను. ఇదేదో పిల్లల ఆటలా ఉందనుకున్నాను. తర్వాత ఏమీ తగల్లేదు. బయట ఎవరో మోటారుసైకిల్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు. ఇంకా తగల్లేదు.

"మొదలెట్టండి సిస్టర్, నాకు పనుంది" అన్నాను.

కళ్ళు తెరిచాను. బాల్‌పెన్ను మొన నా ముంజేతి మీద ఆని ఉంది. ఆని ఉండటం కాదు, చర్మం గుంటపడేలా నొక్కి ఉంది. సిస్టర్ పెన్ను తియ్యలేదు, నన్ను చూడనిచ్చింది.

ఈ రాసిందాంట్లో మరేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఆ పెన్నును గుర్తుపెట్టుకోండి. పాలిపోయిన మచ్చ, దురద లేదు, చెమట లేదు, తాకితే తెలియదు. అలాంటిది ఉంటే జీడి పడిందని మీకు మీరు చెప్పుకోకండి.

డాక్టరమ్మ టెక్కలి రమ్మంది. అక్కడి ఆసుపత్రిలో చర్మం డాక్టరు గది ముందు వరండాలో కూర్చునేవాళ్ళను చూస్తే ఒకటి అర్థమవుతుంది. జ్వరమొచ్చినవాళ్ళు మూలుగుతారు, కాలు విరిగినవాళ్ళు అందరికీ చూపిస్తారు. చర్మం జబ్బువాళ్ళు చేతులు కొంగులో దాచుకుని కూర్చుంటారు. నేనూ అలాగే కూర్చున్నాను. నా పక్కన సముద్రం వైపు నుంచి వచ్చిన ఒక మత్స్యకారుల ముసలమ్మ. మెడ నిండా పొలుసులు. ఆవిడ నా రోగమేమిటో అడగలేదు. సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనగ కాయలు తీసి నా కుడిచేతిలో పోసింది. చిటికెన వేలి పక్క సందు నుంచి సగం కింద రాలిపోయాయి. రాలుతున్నట్టు నాకు తెలియలేదు.

"పోనీలే అమ్మా, ఇంకున్నాయి" అని ఈసారి నా ఎడమచేతిలో పోసింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరమ్మ చిన్న వయసుది. దీపం వెలిగే భూతద్దం ఒకటి ఫోనుకు తగిలించి మచ్చ మీద ఆనించింది. తెర మీద నా చర్మం ఎండిన చెరువులా కనిపించింది. వెంట్రుక లేదు, చెమట చుక్క లేదు. మోచేతి వెనక, తగిలితే ఝుమ్మనే నరాన్ని వేలితో దొరకబుచ్చుకుని, కడుపుతో ఉన్నవాళ్ళ పొట్ట మీద పెట్టే స్కానింగ్ యంత్రాన్ని దాని మీద పెట్టించింది. రెండు మోచేతుల నరాలూ పక్కపక్కన చూపించింది. ఎడమది తాడులా సన్నగా ఉంది. కుడిది మోకులా ఉంది. చెవి తమ్మె నుంచీ మచ్చ నుంచీ చిన్న గాటు పెట్టి రసం తీసుకుంది. ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచింది.

ఆ రెండోసారి బావ కూడా లోపలికి వచ్చాడు. నాకంటే ముందు అతనే అడిగాడు.

"కిడ్నీకి సంబంధించింది కాదు కదండీ?"

"కాదండీ. కిడ్నీలు బాగున్నాయి."

"హమ్మయ్య" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"ఇది కుష్టు" అంది డాక్టరమ్మ.

చెయ్యి గుండె మీదే ఉండిపోయింది. నాకు ఏమీ అనిపించలేదు. సినిమాల్లో లాగా తల తిరగలేదు, కన్నీళ్ళు రాలేదు. మధ్యాహ్నం బస్సు అందుతుందో లేదో అని ఆలోచించాను. చేతికి పట్టిన మొద్దుతనం మెల్లగా పైకి పాకి మనిషంతా పట్టిందేమో అనుకున్నాను. ఆ తర్వాత చాలా నెలలు అలాగే ఉన్నాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇది పాత రోజుల రోగం కాదట. మాత్రలు అట్టల్లో వస్తాయి, ఏడాది వాడితే క్రిమి చచ్చిపోతుంది. మొదటి మోతాదు పడ్డాక కొద్ది రోజులకే మన నుంచి ఇంకొకరికి అంటదు.

"క్రిమి సంగతి నేను చూసుకుంటానమ్మా. నా బెంగ మీ నరం గురించి. చచ్చిపోయిన నరాన్ని ఏ మందూ బతికించలేదు. మీది చచ్చిందో, వాచి ఊరుకుందో ఇప్పుడే చెప్పలేను. వాపు తగ్గడానికి వేరే మాత్రలిస్తాను. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే చిటికెన వేలూ ఉంగరపు వేలూ, ఈ రెండూ లోపలికి ముడుచుకుపోతాయి."

"కుడిచేతివా?" అన్నాను. నా ముందే కుడిచెయ్యి పట్టుకుని మాట్లాడుతున్న మనిషిని ఆ మాట అడిగాను.

"కుడిచేతివే."

నేను తినేది, వండేది, పిక్క కోసేది, మా అమ్మాయికి జడ వేసేది ఆ చేత్తోనే. ఆ రోజు నుంచి నాకు రోగం పేరు కంటే ఆ రెండు వేళ్ళే ముఖ్యమైపోయాయి.

సెప్టెంబరు

మొదటి మాత్రలు సిస్టర్ ముందే మింగాను. మూత్రం ఎర్రగా వస్తుంది, మందు రంగు అది, భయపడవద్దని రెండుసార్లు చెప్పి పంపింది. విన్నాను, తలూపాను. ఇంటికొచ్చి బాత్రూంలోకి వెళ్ళాను. ఎర్రగా వచ్చింది. తెలిసీ రెండు చెంబుల నీళ్ళు గబగబా పోసేశాను. ఎర్రటి మూత్రం చూసి భయపడవద్దని ఉద్దానం ఆడదానికి ఎవరు నేర్పగలరు? ఈ రోగం మొదలైన దగ్గర్నుంచి నాకు నిజంగా భయం వేసింది ఆ ఒక్కసారే. అది కూడా కుష్టును చూసి కాదు, లేని కిడ్నీ జబ్బును చూసి. బయటికొచ్చాక నాకే నవ్వొచ్చింది. అదీ సగంలోనే ఆగిపోయింది.

అత్తకు బావే చెప్పాడు. ఆవిడ తన చిన్నతనంలో ఊళ్ళో ఒకావిడకు తోట అవతల పాక వేసి, అన్నం దూరం నుంచి పెట్టేవారని చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు తెలియదు. ఆ పూట నుంచి నా కంచం, నా గ్లాసు నేనే వేరుగా పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఉమ ఇంట్లోవాళ్ళందరికీ తలో మోతాదు మాత్రలు తెచ్చింది. రోగితో కలిసి బతికేవాళ్ళకు రాకుండా ముందే వేసే మందట. ఒక్కసారి మింగితే చాలు. టెక్కలి హాస్టల్లో ఉన్న మా అమ్మాయిని కూడా పిలిపించాం. అత్త మాత్రలు చేతిలో పట్టుకుని ఉమను నిలేసింది.

"ఇది మింగితే నాకు రాదేటి?"

"వచ్చే అవకాశం బాగా తగ్గుతాది పెద్దమ్మా. వదినమ్మ కూడా మందేసుకుంటన్నాది కదా. ఆవిడ నుంచి ఇంక అంటదు."

"మరి ముందే సెప్పవేటే" అని నీళ్ళతో మింగేసింది. లేచి, అలమరలోంచి నా కంచం తీసుకొచ్చి మిగతా కంచాల్లో కలిపేసింది. అత్తకు ఒక పని అర్థమైతే ఇక దాని గురించి మాట్లాడదు. మామను చూసుకున్నన్నాళ్ళూ అంతే.

బావ అలా కాదు. అతనూ మాత్రలు మింగాడు. కానీ ఆదివారం ఇంటికొస్తే వసారాలో పడుకునేవాడు. లోపల ఉక్కగా ఉందనేవాడు. సెప్టెంబరులో నమ్మాను. డిసెంబరులో ఉక్కేమిటో! ఒక చలి సాయంత్రం అత్తే చాప చుట్టి లోపల పడేసింది.

"మాత్ర మింగినావు కదరా. లోన తొంగో."

అతను తల వంచుకుని లోపలికొచ్చాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు.

అక్టోబరు

ఫ్యాక్టరీలో నా పక్కన రోజంతా కూర్చునేవాళ్ళకు కూడా ఆ మాత్రలు వేస్తే మంచిదన్నారు. నేను ఒప్పుకుంటేనే. నా పేరు చెప్పబోమని, చర్మవ్యాధుల శిబిరం అని మాత్రమే చెబుతామని ఉమ మాటిచ్చింది. సరేనన్నాను.

భోజనాల వేళ సిస్టరూ ఉమా వచ్చి మాత్రలు పంచారు. పారమ్మప్ప మాత్రల్ని అరచేతిలో పెట్టుకుని ఎగాదిగా చూసింది.

"రోగం లేనోలికి మందేటే? మనకేటీ తెల్దనుకుంటన్నారేటి, ఒట్టినే మింగించీడానికి? నాను మింగను."

ఆవిడ మింగకపోతే ఆ షెడ్డులో ఎవరూ మింగరు. ఒక్కొక్కరే మాత్రల్ని బల్ల మీద పెట్టేశారు. ఉమ నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. నేనూ నా మాత్రను, అంటే ఉమ పదిమందిలో ఒకత్తెగా నాకూ ఇచ్చిన విటమిన్ బిళ్ళను, చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు మింగకపోతే ఏమీ కాకపోనూవచ్చు. కానీ ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చున్నది ఆవిడే. నా డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నది ఆవిడే.

"నాకే అప్పా" అన్నాను.

"ఏటి నీకే?"

"పెద్దరోగం. నా సెయ్యి పండనేదు. సచ్చిపోనాది."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయని రాస్తే బాగుంటుంది. కానీ భోజనాల వేళ కదా, అవి ముందే ఆగి ఉన్నాయి. పారమ్మప్ప నా చెయ్యి చూసింది, నా ముఖం చూసింది. మాత్రలు నోట్లో వేసుకుని, గుటకేసి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఆవిడ వెనక అందరూ మింగారు. నేను నోరు విప్పిన దాని ఫలితం అది. అనుకున్న పని అయింది.

మర్నాటికి ఆవిడ పీట వరస చివరికి జరిగిపోయింది. ఎవరూ జరగమనలేదు. రెండు రోజుల తర్వాత మేస్త్రి నన్ను కోత నుంచి తీసి, గేటు దగ్గర పిక్కల బస్తాలు తూచే పనిలో పెట్టాడు. నూనె పడినా తెలియని చేత్తో కోతకు కూర్చోవద్దని డాక్టరమ్మ కూడా అంది, చేతులకు తొడుగులు వేసుకోమంది. కాబట్టి మేస్త్రి అలా పెట్టింది నా మంచికో, వాళ్ళ మంచికో తెలియదు. నేను అడగలేదు. భోజనానికి గేటు పక్కన జీడిచెట్టు కింద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. డబ్బాలో కూర మిగిలిపోయేది.

చలికాలం

మందుకు ఒళ్ళు నల్లబడింది. తెలియనివాళ్ళు ఎండలో తిరుగుతున్నావా అని అడిగేవారు, తెలిసినవాళ్ళు ఏమీ అడిగేవారు కాదు. వాపు మాత్రలకు ముఖం ఉబ్బింది. ఆ మాత్రల వల్ల షుగరు వస్తుందేమోనని రక్తం చూసేవారు. దానితోపాటు క్రియాటిన్ కూడా చూడమని అత్త ప్రతిసారీ పట్టుబట్టేది, బాగుందంటేనే ఇంటికి బయల్దేరేది.

పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి నానబెట్టి, నూనె రాసి, ఆ రెండు వేళ్ళను ఎడమచేత్తో పట్టుకుని చాచడం. సాయంత్రం మళ్ళీ అదే. స్పర్శ లేని చేతికి దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి రోజూ చూసుకోవాలన్నారు. ఆ పని అత్త తీసుకుంది. దీపం పెట్టే వేళకు కళ్ళద్దాలు పెట్టుకుని, ట్యూబ్‌లైటు కింద నా చేతిని ఒళ్ళో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్క వేలూ చూసేది.

"ఇదేటే, ఇక్కడ కోసుకున్నాది?"

"తెల్దత్తా."

"నీకు తెల్దని కాదేటి నాను సూత్తన్నాది."

నెలకోసారి టెక్కలిలో డాక్టరమ్మ సన్న దారాలతో పరీక్ష చేసేది. లావు దారం, సన్న దారం, ఇంకా సన్నది. వాటి మొనతో చర్మాన్ని తాకి, తెలిసిందా అని అడుగుతుంది. ఫిబ్రవరిలో నేను తెలిసినట్టుందన్నాను.

"ఊహించి చెప్పకండమ్మా. నన్ను సంతోషపెట్టక్కర్లేదు" అంది. అప్పుడు ఆవిడ ఇంకా తాకనే లేదు. నేను తల దించుకున్నాను.

వేళ్ళు మరీ ముడుచుకోలేదు, అలాగని పూర్తిగా చాచుకోనూ లేదు. మధ్యలో ఆగాయి. మోచేతి నరం వాపు తగ్గింది. మిగతాది చూద్దాం అందావిడ. చూద్దాం అనే మాట మీద మనిషి ఎన్నాళ్ళు బతకగలదో ఆ చలికాలం తెలిసింది నాకు. బాగానే బతకగలదు, రుచి లేకుండా.

మళ్ళీ పిక్కల కాలం

మార్చిలో కొత్త పిక్కలు వచ్చాయి. గేటు దగ్గర బస్తాల వరస. ఆ రోజు లోపల గంపలు అందించే మనిషి రాలేదు. మేస్త్రి నన్ను చూసి, ఇంకెవరూ కనిపించక, "బారతీ, నువ్వే ఒట్టుకెల్లు" అన్నాడు.

అక్టోబరు తర్వాత ఆ వరసలోకి వెళ్ళడం అదే మొదటిసారి. తొడుగులు వేసుకుని, గంప నడుమున పెట్టుకుని, ఒక్కొక్క మిషను దగ్గరా దించుకుంటూ వెళ్ళాను. చివర పారమ్మప్ప. ఆవిడ తలెత్తలేదు, నేనూ పలకరించలేదు. వంగి గంప దించుతున్నాను. అదే సమయానికి ఆవిడ పెడల్ తొక్కింది. పెంకు చిట్లి, నూనె ఎగిరి, నా కుడి ముంజేతి మీద, తొడుగుకు పైన పడింది.

"అమ్మా!" అని అరిచాను.

అరిచాక నాకే అనుమానం వచ్చింది, ఎందుకు అరిచానా అని. చెయ్యి చూసుకున్నాను. మచ్చ అంచు మీద నల్లటి చుక్క. దాని చుట్టూ చర్మం మండుతోంది. సూది గుచ్చినట్టు కాదు, నిప్పు పెట్టినట్టు కాదు. జీడి మండినట్టు మండుతోంది. ఆ మంటను నేను ఎక్కడున్నా గుర్తుపట్టగలను. నా కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఆగస్టు నుంచి రాని ఏడుపు అది, ఒక నూనె చుక్కకి వచ్చింది.

పారమ్మప్ప లేచి నిలబడింది.

"మండినాదేటే?"

"మండినాదప్పా."

"నిజింగా? ఆ సెయ్యేనేటి?"

"ఆ సెయ్యే. మండిపోతన్నాది."

ఆవిడ నన్ను వదిలేసి షెడ్డు వైపు తిరిగింది.

"ఓలమ్మలూ! బారతి సెయ్యి మండినాదంట! ఇనబడినాదేటి? మండినాదంట!"

మిషన్లు నిజంగానే ఆగాయి ఈసారి. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో నవ్వారు. ఒకరి చెయ్యి కాలితే అంతమంది సంతోషించడం నేను మరెక్కడా చూడలేదు. మేస్త్రి ఏమైందోనని పరుగెత్తుకొచ్చి, ఏమీ అర్థంకాక అక్కడే నిలబడ్డాడు.

పారమ్మప్ప బూడిదతో నూనెను అద్ది తీసేసింది. తన పీట కింద ఉన్న కొబ్బరినూనె సీసా తెచ్చింది. నా తొడుగు తనే లాగేసి, నా చేతిని తన మోకాలి మీద పెట్టుకుంది. ముంజేతి మీద నూనె రాసింది. ఆవిడ వేళ్ళు గరుకుగా తెలిశాయి. మణికట్టు దగ్గర తెలిశాయి. ఉంగరపు వేలి మొదట్లో ఉందో లేదో అన్నట్టు తెలిశాయి. చిటికెన వేలి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇక్కడ?"

"నేదప్పా" అన్నాను.

అయినా అక్కడా రాసింది.